కోనసీమ చుట్టూ చరిత్ర: ద్రాక్షారామ భీమేశ్వరాలయం, వెయ్యేళ్ళ దీపాల లెక్క

ద్రాక్షారామ భీమేశ్వరాలయం రెండంతస్తుల గుడి. గర్భగృహంలో కింద పుట్టిన శివలింగం పై అంతస్తు దాకా లేస్తుంది. అభిషేకం పైన, ప్రదక్షిణ కింద. గోదావరి డెల్టాలో తూర్పు చాళుక్యుల నాటి నుంచి పూజ ఆగకుండా నిలిచిన పెద్ద ఆలయాల్లో ఇది ముఖ్యమైనది. కోనసీమలోని ఉప్పలగుప్తం నుంచి అమలాపురం మీదుగా ముక్తేశ్వరం చేరి, రేవులో పంటు ఎక్కి గౌతమి దాటితే కోటిపల్లి. అక్కడి నుంచి ద్రాక్షారామం దగ్గరే. ఎదుర్లంక, యానాం మధ్య వంతెన వచ్చాక చాలామంది ఆ దారినే పోతున్నారు కానీ, కార్తీక మాసంలో కోటిపల్లి రేవులో స్నానం చేసి భీమేశ్వరుణ్ణి చూడటం కోనసీమ ఇళ్ళలో పాత అలవాటు.

ఆంధ్రదేశంలో ‘ఆరామం’ అన్న పేరుతో కలిపి చెప్పే శైవక్షేత్రాలు ఐదు. కృష్ణ ఒడ్డున అమరావతి, భీమవరంలో సోమారామం, పాలకొల్లులో క్షీరారామం, సామర్లకోట దగ్గర కుమారారామం, ఐదవది ద్రాక్షారామం. తారకాసురుడి మెడలోని లింగం ఐదు ముక్కలై ఐదు చోట్ల పడిందన్న కథ వీటన్నిటినీ ఒక్క తాడుతో కడుతుంది. శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం కలిసి త్రిలింగాలు. వీటి మధ్య ఉన్న దేశమే త్రిలింగ దేశమని, అందులోంచే తెలుగు అన్న మాట వచ్చిందని కాకతీయుల నాటి పండితులు చెప్పుకున్నారు. భాషాశాస్త్రం ఆ వ్యుత్పత్తిని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, తమ దేశానికి ఎల్లలు గీసుకోవాలనుకున్నప్పుడు వాళ్ళు మూడు గుళ్ళను గుర్తుగా పెట్టుకున్నారు. ఆ మూడింటిలో తూర్పు తీరానికి గుర్తు ఇదే. ఇక్కడి మాణిక్యాంబను పద్దెనిమిది శక్తిపీఠాల అమ్మవార్లలో ఒకరిగా కొలుస్తారు.

పేరులో ద్రాక్ష ఉన్నా ఈ ఊరికీ ద్రాక్ష తోటలకూ సంబంధం లేదు. దక్షారామం అంటే దక్షుడి ఆరామం. దక్షయజ్ఞం జరిగింది ఇక్కడేనని స్థలపురాణం. జనం నోట ఇది దాకరేమి అయింది, పాత కవులూ ఆ మాటను వాడారు. ఆరామం అన్నది బౌద్ధ భిక్షువులు ఉండే తోటకూ విహారానికీ వాడిన మాట. అమరావతిలో మహాస్తూపం ఉండటం, పంచారామాల లింగాలు మామూలు లింగాల్లా కాక పొడవాటి స్తంభాల్లా ఉండటం చూసి, ఇవన్నీ ఒకప్పుడు బౌద్ధ స్థలాలేమోనని కొందరు చరిత్రకారులు ఊహించారు. అమరావతి విషయంలో ఆ ఊహకు నేల మీద ఆధారం ఉంది. మిగిలిన నాలుగు చోట్లా అంత గట్టి సాక్ష్యం లేదు కాబట్టి దాన్ని ఊహగానే ఉంచడం న్యాయం.

గుడి కట్టించిన ఘనతను సంప్రదాయం చాళుక్య భీముడికి ఇస్తుంది. తూర్పు చాళుక్యుల రాజ్యమైన వేంగిని 892 నుంచి 921 దాకా ఏలిన మొదటి చాళుక్య భీముడు ఈయన. భీమేశ్వరుడన్న పేరు ఆయనదేనని చెబుతారు. సామర్లకోట కుమారారామంలోని స్వామి పేరు కూడా భీమేశ్వరుడే, ఆ ఊరి పాత పేరు చాళుక్య భీమవరం. రెండు గుళ్ళూ అన్నదమ్ముల్లా ఉంటాయి. అదే రెండంతస్తుల గర్భగృహం, అదే ఎత్తైన లింగం, అదే ఆడంబరం లేని గోడ. ఒకే తరం స్థపతుల ఆలోచన రెండు చోట్లా కనిపిస్తుంది.

వేంగి చాళుక్యులకు గుళ్ళు కట్టడం భీముడితో మొదలు కాలేదు. ఆయన కంటే ముందు రెండవ విజయాదిత్యుడు గంగులతో, రాష్ట్రకూటులతో పన్నెండేళ్ళు పోరాడి, చేసిన 108 యుద్ధాలకు 108 శివాలయాలు కట్టించాడని ఆ వంశపు తామ్రశాసనాలు చెప్పుకొన్నాయి. ఆ తర్వాత గుణగ విజయాదిత్యుడి కాలానివి బిక్కవోలు గుళ్ళు. ఆయన బిరుదు బిరుదాంకుడు. ఆ పేరు మీదనే ఊరు బిరుదాంకప్రోలు అయి, నోళ్ళలో అరిగి బిక్కవోలు అయింది. ఊళ్ళోని గోలింగేశ్వరం, పొలాల మధ్య నిలిచిన కంసారగుడి, నక్కలగుడి చూశాక ద్రాక్షారామం వెళితే ఈ శిల్పుల చేయి ఎలా ఎదిగిందో అర్థమవుతుంది. బిక్కవోలులో గుడి చిన్నది, చతురస్రం, గోడలో గూళ్ళు, గూళ్ళపైన మకర తోరణాలు. అక్కడ నేర్చిన కొలతలనే ద్రాక్షారామంలో పెద్దవి చేసి, ఒక అంతస్తు మీద ఇంకో అంతస్తు ఎత్తారు.

ఈ పని ఎంత కష్టమో తెలియాలంటే డెల్టా నేల గుర్తుకు రావాలి. కోనసీమలోనూ గౌతమికి అటువైపునా ఎక్కడ తవ్వినా ఒండ్రు మట్టి, ఇసుక, కాస్త లోతుకు నీళ్ళు. రాయి ఉండదు. రోలు కావాలన్నా, సన్నికల్లు కావాలన్నా మెట్ట వైపు నుంచి తెచ్చుకోవాల్సిందే. అలాంటి చోట రెండంతస్తుల రాతి గుడి, రెండు ప్రాకారాలు, వందల స్తంభాలు లేపాలంటే ప్రతి దూలమూ ప్రతి పలకా పైనుంచి దిగిరావాలి. మెత్తని నేల మీద అంత బరువు నిలపడం ఇంకో సమస్య. ఇవాళ డెల్టాలో మూడంతస్తుల డాబాకు పునాది వేయించినవాళ్ళకు ఆ కష్టం తెలుసు. గుడి వెయ్యేళ్ళు కుంగకుండా నిలిచిందంటే అడుగున వాళ్ళు చేసిన పని పైన చేసినదాని కంటే గొప్పదన్నమాట.

సరిగ్గా ఇదే చిక్కు మధ్యయుగ ఇంగ్లండులో తూర్పు ఆంగ్లియా ప్రాంతానికి ఉండేది. అక్కడా మంచి కట్టుబడి రాయి దొరకదు, దొరికేది చెకుముకి రాయి. పొలాల్లో ఏరిన ఆ రాళ్ళతోనే గోడ నింపి, మూలలకూ కిటికీలకూ మాత్రం చెక్కిన సున్నపురాయిని దూరం నుంచి తెప్పించి ఊరూరా ప్యారిష్ చర్చిలు కట్టారు. ప్యారిష్ అంటే ఒక గురువు కింద ఉండే ఊరు, దాని పొలిమేర. ఆ పొలిమేరలోని ప్రతివాడికీ బారసాల నుంచి పాతిపెట్టే దాకా అదే చర్చి. పంటలో పదోవంతు ఆ గురువుకు ఇవ్వాల్సి ఉండేది. సఫోక్‌లోని లాంగ్ మెల్ఫర్డ్ చర్చిని 15వ శతాబ్దం చివర ఉన్ని బట్టల వర్తకులు, భూస్వాములు కలిసి తిరిగి కట్టించారు. పై కిటికీల మీదుగా, గోడ అంచు వెంబడి ఏ భాగానికి ఎవరు డబ్బిచ్చారో పేర్లతో రాతిలో పొదిగించారు, తమ ఆత్మల కోసం ప్రార్థించమని అడిగారు. రాయి లేని నేల, దూరం నుంచి వచ్చిన రాయి, ఆ రాయి మీద దాత పేరు. ద్రాక్షారామానికీ లాంగ్ మెల్ఫర్డ్‌కూ నడుమ సముద్రాలు ఉన్నా పద్ధతి ఒక్కటే.

ద్రాక్షారామ ఆలయం తూర్పు ముఖం. చుట్టూ రెండు ప్రాకారాలు. బయటి ప్రాకారానికి నాలుగు దిక్కులా నాలుగు గోపురద్వారాలు, ఒక్కోదానికి ఒక్కో గ్రామదేవత కాపలా. గోగులమ్మ, నూకాంబిక, మండతల్లి, ఘట్టాంబిక అని వాళ్ళ పేర్లు. రాజు కట్టించిన శైవాలయానికి ఊరి అమ్మవార్లు వాకిలి కాయడం గమనించాల్సిన విషయం. స్థపతి గీసిన పటంలో గ్రామదేవత ఉండదు, ఊరు ఆ పటాన్ని తనదిగా చేసుకున్నప్పుడు వచ్చి చేరుతుంది. దగ్గరలోనే సప్తగోదావరి గుండం. ఏడుగురు రుషులు తెచ్చిన ఏడు పాయలూ అందులో కలిశాయని నమ్మకం.

లోపలి ప్రాకారం వెంట స్తంభాల వసారా. గర్భగృహం లాగే దానికీ పైన ఇంకో అంతస్తు ఉంది. కింద ఎండకూ వానకూ నీడ, పైన నడవడానికి దారి. అమ్మవారి గుడి వాయవ్య మూల. మధ్యలో ప్రధానాలయం. దాని గోడల మీద విగ్రహాల గుంపులు ఉండవు. అడుగున అధిష్ఠానం గళ్ళు, పైన సన్నటి అర్ధస్తంభాలు సమానమైన ఎడంతో లేస్తాయి, వాటి మధ్య ఖాళీ గోడ. శిల్పాలతో నిండిన హొయసలుల గుళ్ళు చూసి వచ్చినవాళ్ళకు ఇది వెలితిగా తోచవచ్చు. అసలు అందం ఆ నిదానంలోనే ఉంది. ఈ గోడ నీడలతో మాట్లాడుతుంది. పొద్దు వాలేకొద్దీ ఆ అర్ధస్తంభాల గీతలు పొడవై గుడి ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది. పైగా ఆ ఖాళీ గోడ లేకపోతే తర్వాతి తరాలకు రాసుకోవడానికి చోటే ఉండేది కాదు.

లోపల కింది అంతస్తులో లింగం చుట్టూ ఇరుకైన ప్రదక్షిణ మార్గం. వెలుతురు దాదాపు చొరబడదు. ఒకప్పుడు ఇక్కడ నవరత్నాలు పొదిగి ఉండేవని, వాటి కాంతే దీపంగా ఉండేదని, ఆ తర్వాత వాటిని ఎవరో పెరికి పట్టుకుపోయారని చెబుతారు. చేతులతో గోడను తడుముకుంటూ తిరిగి, మెట్లెక్కి పైకి వస్తే ఒక్కసారిగా వెలుతురు, లింగం పై భాగం, అభిషేకపు నీటి చప్పుడు. ఒకే లింగాన్ని చీకటిలో ఒకసారి, వెలుతురులో ఒకసారి చూపించడం కోసమే గుడిని రెండంతస్తులు చేశారనిపిస్తుంది. ఎత్తైన లింగానికి పూజ చేయాలంటే అర్చకుడు ఎక్కడానికి అంతస్తు కావాలన్నది పని అవసరం. ఆ అవసరంలోంచి ఇంత గొప్ప అనుభవం పుట్టించడం స్థపతి ప్రతిభ. లింగపు రాయిలో నలుపు, తెలుపు రెండూ కనిపిస్తాయి.

వేంగి రాజ్యానికి పదో శతాబ్దం చివర పెద్ద దెబ్బ తగిలింది. 973 నుంచి 999 దాకా సింహాసనం చాళుక్యుల చేతిలో లేదు, జటాచోడ భీముడు ఏలాడు. తంజావూరు రాజరాజ చోళుడి సాయంతో శక్తివర్మ రాజ్యం తిరిగి పొందాడు. సాయం తర్వాత చుట్టరికం కలిసింది. శక్తివర్మ తమ్ముడు విమలాదిత్యుడికి రాజరాజ చోళుడు కూతురు కుందవను ఇచ్చాడు. వాళ్ళ కొడుకు రాజరాజనరేంద్రుడు, నన్నయ చేత భారతం తెనిగింపించినవాడు. ఆయనకు రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవి భార్య. వాళ్ళ కొడుకు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. గోదావరి ఒడ్డు రాజవంశంలో పుట్టి కావేరి దేశాన్ని ఏలినవాడు. వేంగికి తన కొడుకులను ప్రతినిధులుగా పంపాడు.

ఈ చుట్టరికం ద్రాక్షారామం గోడల మీద అక్షరాల్లో కనిపిస్తుంది. శాసనాల్లో ఎక్కువ తెలుగు, కొన్ని సంస్కృతం, కొన్ని తమిళం. తమిళ దేశంలో చోళ చక్రవర్తిగా బిరుదులు పలికే కులోత్తుంగుడు ఇక్కడ సర్వలోకాశ్రయ శ్రీ విష్ణువర్ధన మహారాజు. అది తాతముత్తాతల చాళుక్య బిరుదు. తెలుగు నేల మీద తెలుగు రాజుగానే ఆయన ఏళ్ళు లెక్కపెట్టారు. దూరాన ఉన్న చక్రవర్తిని ఇక్కడి జనం తమ వంశపు రాజుగా ఎలా చూశారో ఈ ఒక్క మాట చెప్పినంతగా ఏ యుద్ధ వర్ణనా చెప్పదు.

పదకొండో శతాబ్దం నుంచి ఈ గోడల మీద శాసనాలు వందలకొద్దీ పేరుకున్నాయి. స్తంభాలు, అధిష్ఠానం, మండపం రాళ్ళు, ఎక్కడ నునుపు దొరికితే అక్కడ. రాజ్యాలు జయించిన కబుర్లు వాటిలో తక్కువ. ఎక్కువ భాగం దీపాల లెక్క. అఖండవర్తి దీపం అంటే పగలూ రాత్రీ ఆరకుండా వెలిగే దీపం. ఒక్క దీపానికి ఒక దాత, ఒక రాయి, ఒక ఒప్పందం.

ఆ ఒప్పందం తీరు ఇలా ఉంటుంది. మొదట శకవర్షం, దానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. తర్వాత విష్ణువర్ధన మహారాజుల రాజ్య సంవత్సరం. తర్వాత నిమిత్తం: ఉత్తరాయణ సంక్రాంతి, విషువ సంక్రాంతి, లేదా గ్రహణం. సంక్రాంతి పండక్కి కోనసీమలో ప్రభలు కట్టే ఊళ్ళకు ఆ రోజు దానానికి మంచిదన్న సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, తొమ్మిది వందల ఏళ్ళ కిందటా అదే లెక్క. ఆ తర్వాత దాత పేరు, ఊరు, తండ్రి పేరు. ఎవరి పుణ్యానికి ఇస్తున్నారో, తల్లికా తండ్రికా తనకా. అప్పుడు అసలు విషయం: దీపం ఒకటి, దానికి ఇనుప ఎడ్లు 50.

ఇనుప ఎడ్లు అన్న మాట చూసి ఇనుముతో చేసిన ఎద్దులనుకుంటే కథ తలకిందులవుతుంది. పండితులు దీనికి పాలిచ్చే గొర్రెలని అర్థం చెబుతారు. కొన్ని శాసనాల్లో గొర్రెలకు బదులు ఆవులో గేదెలో ఉంటాయి. దాత ఇచ్చిన మందను గుడి తన దగ్గర కట్టేసుకోదు. ఒక బోయకు అప్పగిస్తుంది. ఇక్కడ బోయ అంటే పశువుల మంద కాసేవాడు. అతడు, అతడి కొడుకులు, మనవలు ఆ మందను అనుభవిస్తూ రోజూ మానెడు నెయ్యి గుడికి తెచ్చి పోయాలి. సూర్యచంద్రులు ఉన్నంత కాలం. మానిక అంటే కుంచంలో నాలుగో వంతని పాత కొలతలు తెలిసిన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెబుతారు. శాసన కాలపు మానిక దానికి సరిసమానమని అనుకోనక్కర్లేదు గానీ, రోజుకు ఒక కొలపాత్ర నెయ్యి అన్నది మాత్రం ఖాయం.

ఇందులో తెలివి ఎక్కడుందంటే, పెట్టుబడి చావదు. గొర్రెలు ముసలివవుతాయి, చస్తాయి, కానీ ఈనుతూ ఉంటాయి కాబట్టి మంద మిగులుతుంది. దాని లెక్క ఎప్పుడూ యాభైయే. తమిళ దేశంలో ఇదే ఏర్పాటుకు ఒక దీపానికి 90, 96 గొర్రెలు ఇచ్చేవారు, వాటిని చావని, ముసలివి కాని పెద్ద గొర్రెలని శాసనాల్లోనే రాసుకున్నారు. డబ్బు దాచే బ్యాంకులు లేని రోజుల్లో, వడ్డీ మీద బతికే మూలధనాన్ని నాలుగు కాళ్ళ మీద నిలబెట్టారు. ధర పడిపోయినా, నాణెం మారినా, రాజు మారినా నెయ్యి మాత్రం నెయ్యే.

ఇలాంటి లెక్కే ఇంగ్లండులోనూ కనిపిస్తుంది. డెవన్ ప్రాంతంలో మోర్‌బాత్ అని ఒక చిన్న ఊరుంది. ఎక్స్‌మూర్ కొండనేల దక్షిణపు అంచున, పదహారో శతాబ్దంలో ముప్పై పైచిలుకు ఇళ్ళ ఊరు. అక్కడి సెయింట్ జార్జ్ చర్చి గురువు క్రిస్టఫర్ ట్రికీ 1520 నుంచి 1574 దాకా ఊరి చర్చి లెక్కలు రాసి పెట్టాడు. ఆ లెక్కల్లో కనిపించేది గొర్రెలు. చర్చిలో ఒక్కో పునీతుడి విగ్రహం ముందు వెలిగే కొవ్వొత్తి దీపానికి ఒక్కో నిధి, ఆ నిధికి సొంత గొర్రెలు. ఊళ్ళోని ఇళ్ళవాళ్ళు తలా కొన్ని కాసేవారు. ఏటా ఎన్ని ఈనాయి, ఎన్ని చచ్చాయి, ఉన్ని ఎంతకు అమ్మారన్నది గురువు ఆదివారం చర్చిలో చదివి వినిపించి లెక్క అప్పగించేవాడు. ద్రాక్షారామం గురించి మోర్‌బాత్‌కు ఏమీ తెలియదు. ద్రాక్షారామం శాసనాలు చెక్కిన నాటికి మోర్‌బాత్ లెక్కలకు ఇంకా నాలుగు వందల ఏళ్ళ దూరం. అయినా దీపం ఆరకుండా ఉండాలంటే ఏం చేయాలని రైతులను అడిగితే, రెండు చోట్లా వచ్చిన జవాబు గొర్రెల మందే.

దీపం గురించి ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. గుడిని రాజు కట్టించాడన్న ఒక్క వాక్యంతో పుస్తకాలు ముగిస్తాయి. రాజు కట్టించిన గుడి రాజు పోయాక వందేళ్ళకే తుమ్మచెట్ల పాలవుతుంది, అలాంటివి ఆంధ్రదేశంలో ఎన్నో ఉన్నాయి. ద్రాక్షారామం అలా కాకుండా నిలిచింది, ఎందుకంటే రోజూ నెయ్యి పోయవలసిన బాధ్యత ఎన్నో ఇళ్ళకు వంశపారంపర్యంగా చుట్టుకుంది. ఆ ఇళ్ళ పేర్లు చరిత్ర పుస్తకాల్లో ఉండవు. గోడ మీద ఉన్నాయి.

దాతల్లో రాణులున్నారు, సామంతుల భార్యలున్నారు, మంత్రులు, సేనానులు, వర్తకులు, గుడిలో ఆడే సానులు కూడా ఉన్నారు. ఆడవాళ్ళ పేర్లు ఇన్ని కనిపించడం ఆనాటి రాతల్లో అరుదు. కుటుంబ ఆస్తి మీద హక్కు ఎంతున్నా లేకున్నా, దానం చేయడానికి వాళ్ళ చేతుల్లో సొంత సొమ్ము ఉండేదని ఇవి రుజువు. డబ్బుగా ఇచ్చినప్పుడు మాడలు, గద్యాణాలు, చిన్నాలు. మాడల్లోనూ రాజరాజ మాడ, కులోత్తుంగ మాడ అని వేరువేరు పేర్లు. దాత ఏ మాడ ఇచ్చాడో చెప్పి మరీ చెక్కించాడంటే నాణెం విలువల తేడా అందరికీ తెలిసిన సంగతన్నమాట.

ఈ చుట్టుపట్ల ఊళ్ళ జనం గురించి ఇంకో సాక్ష్యం రామచంద్రపురం దగ్గర టేకిలో దొరికిన తామ్రశాసనం. కులోత్తుంగుడి కొడుకు చోడగంగు వేంగి ప్రతినిధిగా ఉన్న కాలంలో, 1086 ప్రాంతంలో, తెలికి వేవురు అనే గానుగవాళ్ళ కులానికి కొన్ని గౌరవాలు ఇచ్చాడు. పెళ్ళి ఊరేగింపులో వధూవరులు గుర్రమెక్కి వీధుల్లో పోవచ్చునన్నది వాటిలో ఒకటి. నూనె తీసేవాళ్ళ పెళ్ళి ఊరేగింపు గురించి రాజు రాగిరేకు మీద రాయించిన రోజులవి. దీపాలు, నెయ్యి, నూనె, వాటిని తయారు చేసే చేతులు ఆ సమాజంలో ఎక్కడున్నాయో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

పన్నెండో శతాబ్దంలో చోళుల పట్టు సడలి వెలనాటి చోడులు పెరిగారు. గోదావరి పాయల మధ్యనున్న కోనమండలాన్ని హైహయ వంశపు రాజులు ఏలారు. ఇవాళ్టి కోనసీమ పేరు ఆ కోనమండలం కొనసాగింపే. వాళ్ళ శాసనాలు పిఠాపురంలో ఉన్నాయి, వాటిలో మల్లిదేవుడు, మన్మసత్యుడు కలిసి వేయించినది 1195 నాటిది. వెలనాటి పృథ్వీశ్వరుడి తల్లి జయాంబిక పిఠాపురం కుంతీమాధవుడికి 1186లో ఊరు దానం చేసింది. ఈ చిన్న వంశాలన్నీ ఒకదానితో ఒకటి పోట్లాడుకున్నాయి, ద్రాక్షారామంలో మాత్రం అందరి దీపాలూ పక్కపక్కన వెలిగాయి. తర్వాత కాకతీయులు వచ్చారు, వాళ్ళ అధికారులూ ఇక్కడ రాళ్ళు చెక్కించారు.

కాకతీయుల తర్వాత రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కాలం గుడికి ఇంకోరకం వెలుగు తెచ్చింది. శ్రీనాథుడు భీమేశ్వర పురాణం రాశాడు. పదిహేనో శతాబ్దం మొదటి సగం నాటి ఆ కావ్యం వీరభద్రారెడ్డి మంత్రి బెండపూడి అన్నయకు అంకితం. కాశీ విడిచిన వ్యాసుడు దక్షవాటికకు, అంటే ద్రాక్షారామానికి, వచ్చి ఊరటపడిన కథ అందులో ప్రధానం. కాశీకి పోలేని గోదావరి జనానికి కాశీని ఇక్కడికి తెచ్చిపెట్టిన పుస్తకమది. భీమేశ్వరుడి చుట్టూ 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున 108 శివాలయాల మండలం ఉందన్న సంప్రదాయం కోనసీమ ఊళ్ళను కూడా తనలో కలుపుకుంది. జన్మనక్షత్రం పాదాన్ని బట్టి తమ శివాలయానికి వెళ్ళేవాళ్ళు ఇవాళా ఉన్నారు. పెద్ద గుడి చుట్టూ చిన్న గుళ్ళు అల్లుకున్న ఈ ఏర్పాటు, ఇంగ్లండులో పెద్ద కేథడ్రల్ కింద ఊరూరి ప్యారిష్ చర్చిలు ఉన్న తీరుకు దూరపు పోలిక. తేడా ఏమిటంటే అక్కడ ఏ ఊరివాడు ఏ చర్చికి పోవాలో పొలిమేర చెబుతుంది, ఇక్కడ పుట్టిన గడియ చెబుతుంది.

రెడ్డిరాజుల తర్వాత గజపతులు, వాళ్ళ తర్వాత 1570ల తొలినాళ్ళలో గోల్కొండ సుల్తానుల చేతికి రాజమహేంద్రవరం. అప్పటికి కొత్త శాసనాల వేగం ఎప్పుడో తగ్గింది. పూజ ఆగలేదు. మోర్‌బాత్ దారి వేరు. 1538లో రాజు ఎనిమిదో హెన్రీ ప్రభుత్వం విగ్రహాల ముందు దీపాలు పెట్టవద్దని ఆజ్ఞ ఇచ్చింది. గొర్రెల నిధులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఇంకో పదేళ్ళకు విగ్రహాలే పోయాయి. చర్చి గోడలకు సున్నం కొట్టారు. భవనం మిగిలింది, దాన్ని నడిపిన లెక్క పోయింది. ద్రాక్షారామంలో గొర్రెల ఒప్పందాలు కాలగర్భంలో కలిసిపోయినా, దీపం పెట్టే అలవాటు మిగిలింది.

గోడల మీది అక్షరాలు పుస్తకాల్లోకి రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1893లో ప్రభుత్వ శాసన శాఖ వాళ్ళు ఇక్కడి రాళ్ళకు నకళ్ళు తీశారు. దక్షిణ భారత శాసనాల నాలుగవ సంపుటి 1923లో అచ్చయింది, అందులో పెద్ద భాగం ద్రాక్షారామానిదే. నకలు తీసే పని చూడ్డానికి చిన్నది, చేయడానికి ఓపిక కావాలి. రాతిని మొదట నీళ్ళతో కడిగి, శతాబ్దాల జిడ్డు, సున్నం వదిలించాలి. తడిపిన కాగితం దాని మీద పరిచి, గట్టి కుచ్చు బ్రష్‌తో అక్షరం గుంటలోకి కాగితం దిగేదాకా తట్టాలి. కాస్త ఆరాక సిరా అద్దిన మెత్తతో పైపైన అద్దుకుంటూ పోతే రాతి నునుపంతా నల్లబడి, గుంటల్లోని అక్షరాలు తెల్లగా నిలుస్తాయి. పూర్తిగా ఆరాక కాగితాన్ని మూల నుంచి మెల్లగా ఊడదీస్తారు. అలా ఊడివచ్చిన కాగితాల మీద శకవర్షం, సంక్రాంతి, దాత ఊరు, యాభై ఇనుప ఎడ్లు, బోయ పేరు, నిత్యం మానెడు నెయ్యి.